కొవ్వాడ ఖర్చు లెక్క ఇప్పుడే వేయొచ్చు

పవర్ ప్లాంట్ ఖర్చు అంచనా దాటిందని వార్త వచ్చిన ప్రతిసారీ అధికారులది ఒకటే మాట, అనుకోని ఇబ్బందులు వచ్చాయని. యాదాద్రి థర్మల్ ప్లాంటే చూడండి, 2015లో శంకుస్థాపన అప్పుడు 25 వేల కోట్లు అన్నది 36 వేల కోట్ల దాకా పోయింది, మధ్యలో కోవిడ్ వచ్చింది, 2022లో గ్రీన్ ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతి ఆపేసింది, లేటయ్యే కొద్దీ అప్పు మీద వడ్డీ కూడా ప్రాజెక్టు ఖర్చులోనే కలిసిపోయింది. కోవిడ్ సంగతి సరే, కానీ కేసులు, లేటు, వడ్డీ మన దగ్గర అనుకోనివి ఎప్పటి నుంచి అయ్యాయో!

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకి వద్దాం. అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ డిజైన్ ఏపీ1000 (ఈ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదు, రియాక్టర్ మోడల్ పేరు) అణు రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1208 మెగావాట్లు పెడతామని ఏళ్లుగా చర్చలు నడుస్తున్నాయి. రేపు ఏదో ఒక రోజు ఓ అంచనా బయటికొస్తుంది, సిమెంటెంత, స్టీలెంత, కూలీ ఎంత అని లోపలి నుంచి కూడుకుంటూ వచ్చిన అంకె. అది నమ్మొద్దంటాను. పెళ్లి సంబంధం వస్తే వాళ్లు చెప్పిందే వినేసి ఊరుకోం కదా, ఆ ఇంటికి ముందు వెళ్లిన కోడళ్లు ఎలా ఉన్నారో ఆరా తీస్తాం, ఇదీ అంతే, ఇదే డిజైన్ ఇంతకుముందు కట్టినచోట ఏమైందో చూడాలి.

ఏపీ1000లు కట్టడం మొదలుపెట్టినవాటిలో తొలి ఎనిమిదింటినే తీసుకుందాం. చైనాలో నాలుగు, అన్నీ ఏళ్ల తరబడి లేటు, సాన్మెన్‌లో మొదటిది 2009లో మొదలై 2018లో గానీ నడవలేదు. అమెరికాలో సౌత్ కరోలినాలో రెండు, సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాక 2017లో వదిలేశారు. జార్జియాలో వోగ్టల్ ప్లాంటులో రెండు, 1400 కోట్ల డాలర్ల అంచనా 3000 కోట్లు దాటింది, 2016, 2017 కల్లా అన్నవి 2023, 2024లో వచ్చాయి. అంటే ఎనిమిదిలో టైమ్‌కి వచ్చింది ఒక్కటీ లేదు. పెద్ద ప్రాజెక్టుల మీద పరిశోధన చేసిన బెంట్ ఫ్లివ్‌బియర్ లెక్కలో కూడా అణు ప్లాంట్ల ఖర్చు సగటున 120 శాతం పెరుగుతుంది, థర్మల్‌కి 16, సోలార్‌కి 1 శాతమే. కాబట్టి కొవ్వాడకి ఏ అంకె చెప్పినా రెట్టింపు చేసి చూడటం నిరాశావాదం ఏమీ కాదు.

రెండోసారి కడితే తగ్గుతుంది అంటారు సమర్థించేవాళ్లు. నిజమే, అదే టీమ్, అదే సప్లయర్లు ఆగకుండా కడుతూ పోతే తగ్గుతుంది. మనకి మాత్రం ఇది మొదటిసారే.

అసలు వోగ్టల్‌లో ముందే చెప్పినవాళ్లు లేకపోలేదు, కరెంటు రేట్లు నియంత్రించే జార్జియా రాష్ట్ర కమిషన్ తరఫున పని చూసే మానిటర్లు ఈ గడువు కుదరదని రిపోర్టుల్లో రాస్తూనే వచ్చారు, కంపెనీ కుదురుతుందంటూనే పోయింది. డిజైన్ పూర్తిగా తేలకుండా పని మొదలైంది, ఫ్యాక్టరీలో ముందే తయారై రావాల్సిన ప్లాంటు భాగాలు, అంటే మాడ్యూళ్లు, లేటుగా, లోపాలతో వచ్చాయి, ఇవన్నీ మొదటి రెండు మూడేళ్లలోనే కనిపించాయి.

ఫిక్స్‌డ్ ధరకి కాంట్రాక్ట్ రాయించుకుంటే సరిపోతుంది కదా అంటారా, అక్కడా చాలా భాగం అలాగే రాయించుకున్నారు, నష్టాలు తట్టుకోలేక 2017 మార్చిలో వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది, మిగతా భారం ప్లాంటు ఓనర్ల మీద, చివరికి బిల్లు కట్టేవాళ్ల మీద పడింది. జార్జియా జనం ఒక్క యూనిట్ కరెంటు రాకముందు నుంచే కరెంటు బిల్లులో దీని ఫైనాన్స్ ఛార్జీ కడుతూ వచ్చారు. కొవ్వాడ సంతకానికి ముందు, ఖర్చు రెట్టింపయితే యూనిట్ రేటెంత, ఆ తేడా ఎవరు కడతారు అనే రెండు లెక్కలు రాతపూర్వకంగా బయటపెట్టాలి.