ఆ ఘాట్ రోడ్డుకు ఒక్క వాక్యమేనా?

విశాఖపట్నం నుంచి ఒడిశాలోని దేవమాలి శిఖరం దాకా మీరు చేసిన మోటార్‌సైకిల్ యాత్ర గురించి చదివాను. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆ 1,672 మీటర్ల శిఖరం గురించి మూడు పేరాలు రాశారు, సంతోషం. కానీ సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాట్ రోడ్డును ‘మలుపులు బాగున్నాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు! రాయపూర్ లారీలు మలుపులో రోడ్డంతా ఆక్రమించి ఎదురువస్తుంటే మీకు గుండె జారలేదా? నాకైతే పదేళ్లుగా జారుతూనే ఉంది. దిగేటప్పుడు భారమంతా బ్రేకు మీదే వేస్తే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. రెండో గేరులో ఉంచి, ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేసుకోవాలి. ఈ సంగతి తెలియని మొదటిసారి, వెనక చక్రం దగ్గర మాడు వాసన వచ్చి అరగంట రోడ్డు పక్కన కూర్చున్నాను. ఇలాంటివి రాయండి. పెట్రోలు లెక్క ఎవరైనా వేసుకుంటారు. ఇంకో మాట, టీకి ఆగిన ప్రతిచోటా చిన్న పుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి. రాత్రి బసకు చేరాక నడుము నొప్పి తప్ప ఏమీ గుర్తుండదు. అన్నట్టు, సుంకిలో ఏమి తిన్నారో చెప్పనే లేదు.