బ్యాటరీని బతికించేది ఎప్సమ్ సాల్ట్ కాదు

ఎండలు ముదిరి కరెంటు పోవడం మొదలైందంటే చాలు, ఆ సందేశం మళ్ళీ బయలుదేరుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, బడి స్నేహితుల గ్రూపులో, ఇప్పుడు బంధువుల గ్రూపులో కూడా అదే: "పాత ఇన్వర్టర్ బ్యాటరీ మార్చకండి! అమెరికాలో పడవల వాళ్ళు పాటించే రహస్యం. ముప్ఫై రూపాయల ఖర్చుతో కొత్తదానిలా పనిచేస్తుంది." దాని కింద చిట్కాల వరుస, అందులో ముఖ్యమైనది బ్యాటరీలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్ అనే ఉప్పు) వేయమనడం. పంపినవాళ్ళలో ఇంజనీర్లు ఉన్నారు. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

ముందు తేలికవి తేల్చేద్దాం. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందట. గట్టి రబ్బరు డొక్కులు వాడిన పాతకాలపు మాట అది. ఇప్పటివన్నీ ప్లాస్టిక్ డొక్కులే. ఆస్పిరిన్ మాత్రలు వేయాలట. ఆ మాత్ర యాసిడ్‌లో విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని ఇస్తుంది, అది సీసపు పలకలను తినేస్తుంది. నీళ్ళు తగ్గితే యాసిడ్ పోయాలట. ఛార్జింగులో తగ్గేది నీరు మాత్రమే, యాసిడ్ లోపలే ఉంటుంది. మీరు ఇంకా పోస్తే గాఢత పెరిగి పలకలు త్వరగా పోతాయి.

"డిస్టిల్డ్ వాటర్ దండగ, ఆర్వో నీళ్ళు చాలు" అన్నది ఇంకొకటి. ఆర్వో యంత్రం లవణాలను తగ్గిస్తుందే కానీ పూర్తిగా తీసేయదు. పైగా రుచి కోసం చాలా యంత్రాలు కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. మన బోరు నీళ్ళ సంగతి బకెట్ల అంచున పేరుకునే తెల్లటి పొరే చెబుతుంది. నీటిలోని ఇనుము బ్యాటరీని తనంతట తానే ఖాళీ అయ్యేలా చేస్తుంది, క్లోరైడ్ పలకలను కొరుకుతుంది. వేలు పోసి కొన్న వస్తువుకు ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్ దండగ ఎలా అవుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. సందేశంలో ఇలా ఉంది: "మూతలు తీసి, దుమ్ము పడకుండా అల్మారాలో పెట్టి, రాత్రంతా ఛార్జి చేయండి. పొద్దున స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్ళను తాకించండి. నిప్పురవ్వ గట్టిగా వస్తే బ్యాటరీ బాగుపడినట్టే."

రాసినవాడికి ఛార్జింగులో ఏం జరుగుతుందో తెలియదు. ఛార్జి నిండే కొద్దీ లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు అంటుకుంటుంది. అది గాలికంటే తేలిక కాబట్టి మూసిన అరలో పైభాగాన పోగవుతుంది. రాత్రంతా ఆ వాయువును పోగుచేసి, పొద్దున చేతులారా నిప్పు పెట్టమంటున్నారు. పేలితే ప్లాస్టిక్ ముక్కలతోపాటు సల్ఫ్యూరిక్ యాసిడ్ నేరుగా వంగి చూస్తున్న ముఖం మీదికే వస్తుంది. పేలకపోయినా, అలా అడ్డంగా తాకించిన ఇనుములో వందల ఆంపియర్లు పారుతాయి. స్క్రూడ్రైవర్ అతుక్కుపోతుంది, చెయ్యి కాలుతుంది. ఇంత చేసి తెలిసేదేమిటి? ఏమీ లేదు. చచ్చిన బ్యాటరీ కూడా రవ్వ ఇస్తుంది.

పడవల వాళ్ళ పేరు ఎందుకు వాడుకున్నారో నాకు అర్థం కాదు. పడవలో ఇంజన్ స్టార్ట్ చేయడానికి పలుచని పలకల బ్యాటరీ ఉంటుంది, దీపాలకూ పంపులకూ మందపాటి పలకల బ్యాటరీ ఉంటుంది. మన ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఆ రెండోదానికి బంధువు. వాళ్ళు బ్యాటరీని గాలి ఆడే చోటే పెడతారు. సరిగ్గా ఈ హైడ్రోజన్ భయంతోనే.

"యాసిడ్ కంట్లో పడితే వంటసోడా నీళ్ళతో కడగండి" అన్న వాక్యాన్ని దయచేసి చెరిపేయండి. కంట్లో పడితే కుళాయి నీళ్ళే. కనీసం పావుగంట, రెప్పలు తెరిచి పట్టుకుని కడగాలి. తర్వాత ఆలస్యం చేయకుండా హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, దగ్గరలోని మరో కంటి ఆసుపత్రికో వెళ్ళాలి. వంటసోడా నేల మీద ఒలికిన యాసిడ్‌కూ, టెర్మినళ్ళ మీది పొడికీ మంచిదే. అది కూడా మూతలన్నీ బిగించాకే, ఒక్క చుక్క లోపలికి పోకుండా.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఈ సందేశం పుట్టడానికి కారణం ఉంది. చాలామంది దుకాణదారులు యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ కూడా ముంచి చూడకుండా "పోయింది, మార్చేయండి" అంటారు. అలా మార్పించినవాటిలో కొన్ని నిజంగా చచ్చినవి కావు. నెలల తరబడి ఛార్జి పూర్తిగా నిండక పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. మరీ ముదరకపోతే, తక్కువ కరెంటుతో ఎక్కువసేపు ఛార్జి చేస్తే కొంత కరుగుతుంది. ఎప్సమ్ సాల్ట్ వేసిన మీ మామయ్య బ్యాటరీ కోలుకుందంటే కోలుకునే ఉంటుంది. పని చేసింది రాత్రంతా సాగిన ఛార్జింగు. ఆ ఉప్పు చేసేదల్లా ద్రవం సాంద్రత పెంచి హైడ్రోమీటర్‌ను మోసం చేయడమే.

కాబట్టి ట్రూప్ బజార్‌లోనో, మీ వీధి దుకాణంలోనో ఒక హైడ్రోమీటర్ కొనండి. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకుని, ఛార్జి నిండి, ఆపి, కొన్ని గంటలు గడిచాక ఆరు సెల్‌లలోనూ (బ్యాటరీలోని అరల్లో) సాంద్రత చూడండి. అన్నీ ఒకే స్థాయిలో తక్కువగా ఉంటే నెమ్మది ఛార్జింగుతో ఒకసారి ప్రయత్నించవచ్చు, కిటికీలు తీసి. ఒకటి మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయినట్టే, ఏ ఉప్పూ దాన్ని లేపదు.

ఆఖరి చిట్కా, "బాగుపడకపోతే యాసిడ్ డ్రైనేజీలో పారబోసి డొక్కు అమ్ముకోండి" అన్నది. ఆ యాసిడ్‌లో సీసం ఉంటుంది. డొక్కు కొన్నవాడు దాన్ని సుత్తితో పగలగొట్టేది పిల్లలు ఆడుకునే సందులోనే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతదాన్ని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులది. యాసిడ్ తీయకుండా, మూతలు బిగించి, నిలువుగానే తీసుకెళ్ళి కొత్తది కొనే దుకాణంలో ఇవ్వండి. పాతదాని ధర కొత్తదాని బిల్లులో తగ్గించమని అడగండి.