సవరణ: ఫ్లోరైడ్ నీటిని మరిగించడం గురించి

నల్లగొండ జిల్లా భూగర్భజలాలపై ఇంతకుముందు రాసిన టపాలో, నీటిని బాగా మరిగించి తాగితే ఫ్లోరైడ్ తగ్గుతుందని పేర్కొన్నాను. అది తప్పు, సూక్ష్మక్రిములకు వర్తించే విషయాన్ని నీటిలో కరిగి ఉన్న లవణానికీ వర్తింపజేశాను. మరిగేటప్పుడు ఆవిరైపోయేది నీరే కాబట్టి, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ గాఢత కొంత పెరుగుతుందే తప్ప తగ్గదని తాగునీటి శుద్ధిపై వెలువడిన ప్రామాణిక శాస్త్రీయ ప్రచురణలు స్పష్టంగా చెబుతున్నాయి.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించితే ఫ్లోరైడ్‌ను ప్రత్యేకంగా తొలగించాల్సిందే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన, నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరిన మడ్డిని వేరుచేస్తారు. అయితే పటిక మోతాదు ఆ నీటి క్షారత్వం (ఆమ్లాన్ని తటస్థపరిచే గుణం) మీద, అందులోని ఫ్లోరైడ్ పరిమాణం మీద ఆధారపడుతుంది గనుక, పరీక్ష చేయించకుండా ఇంట్లో అంచనాగా వేయడం సరికాదు. రివర్స్ ఆస్మోసిస్ (ఆర్‌ఓ, నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా పంపడం), యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు) వడపోతలు కూడా ఫ్లోరైడ్‌ను తగ్గిస్తాయి.

ఆ టపా చదివిన కొందరు ఈ ఫ్లోరైడ్ ఫ్యాక్టరీల వ్యర్థాల నుంచి వస్తున్నదని అర్థం చేసుకున్నారు. నల్లగొండలో దాని ప్రధాన మూలం అక్కడి గ్రానైట్ శిలల్లోని ఖనిజాలే; కాల్షియం తక్కువగా, క్షారత్వం ఎక్కువగా ఉన్న నీటిలోకి అది మరింత తేలికగా కరుగుతుంది.