ముప్పయ్యేడో పేజీ ఇప్పించగలరని మనవి

మహారాజశ్రీ సెలవుల హోంవర్క్ పుస్తకం గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక తల్లి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగానే ఉంటారు, మీకేం. మీకు అట్ట ఉంది, అట్ట మీద ప్లాస్టిక్ కవరు ఉంది, కవరు మీద లేబులుంది. ఈ ఎండల్లో మా ఇంట్లో అంత పదిలంగా ఉండేది మీరూ, ఆవకాయ జాడీ.

మా అమ్మాయిని ఏళ్ల తరబడి ఏలారు. ఈ ఏడు మా చిన్నోడి సంచిలో దిగారు. కర్సివ్ నలభై పేజీలు, తెలుగు చూచిరాత నలభై పేజీలు, ఇరవై దాకా ఎక్కాలు పదేసిసార్లు, ఒక మొక్కను పెంచి దాని ఫోటోలు, రోజువారీ ఉష్ణోగ్రతల పట్టిక. అన్నిటికంటే చివర, ‘నేను సెలవులు ఎలా గడిపాను?’ అని ఒక వ్యాసం. ‘ఇవన్నీ రాస్తూ గడిపాను అని రాస్తే చాలు కదమ్మా’ అన్నాడు మావాడు. నాకూ అదే న్యాయమనిపించింది.

మీ వంశం గురించి నాకు కాస్త తెలుసు. మీ తాతగారు మార్కాపురం పలక. చెక్క చట్రంలో బిగించిన నల్లటి రాయి. బలపంతో రాసేవాళ్లం, తప్పయితే తుడిచేసేవాళ్లం. ఉమ్ముతో తుడిస్తే సరస్వతి పారిపోతుందని మా అవ్వ నెత్తిన మొట్టేది, అంతకుమించి శిక్ష లేదు. ఆయన దగ్గర తప్పు మర్నాటిదాకా నిలిచేది కాదు. మనవడు మీరేమో వైట్‌నర్ పూసినా పట్టుకుంటారు.

మీ పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది, దాచుకోను. సెలవుల్లో పిల్లలు మర్చిపోయేది నిజమే. 1996లో అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆయన, తోటి పరిశోధకులతో కలిసి, అంతకుముందు జరిగిన 39 పరిశోధనల్ని ముందేసుకుని లెక్కలు తీశాడు. వేసవి సెలవులయ్యాక పిల్లలు సగటున ఒక నెల చదువు వెనకబడుతున్నారని తేల్చాడు. చదవడం కంటే లెక్కలే ఎక్కువ పోతున్నాయట. ఆశ్చర్యమేముంది, కథల పుస్తకం ఏ ఇంట్లోనైనా ఒకటి దొరకొచ్చు గానీ, భాగహారం దానంతట అది వచ్చి మంచం మీద కూర్చోదు కదా. డబ్బు తక్కువ ఇళ్ల పిల్లలు చదవడంలోనూ వెనకబడ్డారని అందులోనే ఉంది. కాబట్టి జబ్బు ఉంది, ఒప్పుకుంటున్నాను. నా తగాదా మీ మందుతోనే.

మావాడు ఏడో ఎక్కం ఎలా రాస్తాడో మీరు చూడలేదు, మీ ముఖం మీదే రాస్తున్నా. ముందు పై నుంచి కిందికి ఏడు, ఏడు, ఏడు అని పది ఏడులు. తర్వాత పక్కన పది ఇంటూలు. ఆ పక్కన ఒకటి నుంచి పది. ఆ పక్కన వరసగా ఈక్వల్‌టూలు, రైలు పట్టాల్లాగా. జవాబుల గడి ఒక్కటి మిగిలితే పై పేజీలోంచి దించుకోవడం. అంతా నిలువుగానే. పదిసార్లు రాశాక ‘ఏడెనిమిదులెంత నాన్నా?’ అన్నాను. ‘ఆగమ్మా, ఇంకా జవాబుల దాకా రాలేదు’ అన్నాడు.

మన ఊళ్లోనే, ఈ పెన్న ఒడ్డునే కూర్చుని తిక్కన సోమయాజి భారతంలో 15 పర్వాలు తెనిగించారు. ఒక్కో పర్వం ఐదేసిసార్లు చూసి రాయమని ఎవరూ పురమాయించలేదు కాబట్టి సరిపోయింది.

ఇక జూన్ 10 రాత్రి సంగతి. ఏటా ఆ రాత్రి మా ఇంట్లో శివరాత్రే. బడి 12న తెరుస్తారు, 11న అట్టలూ లేబుళ్లూ ఉంటాయి, కాబట్టి ముహూర్తం పదే. నేను ఎడంచేత్తో కర్సివ్ రాస్తాను. ఎందుకంటే కుడిచేత్తో రాస్తే అక్షరాలు మరీ బాగుంటాయని టీచరమ్మకు అనుమానమొస్తుంది. మా ఆయనది ఉష్ణోగ్రతల శాఖ. మంచం మీద పడుకుని ‘41, 42, 41, మళ్లీ 42’ అని చెబుతుంటాడు, పిల్లలు రాస్తుంటారు. ‘ఒకరోజు 43 వెయ్యండి, నమ్మేటట్టు ఉండాలి’ అని జాగ్రత్త కూడా చెబుతాడు. నలభై రోజుల ఎండ అరగంటలో కాసింది.

మొక్కది ఇంకో కథ. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, డాబా మీద పెట్టిన చిక్కుడు గింజ బతుకుతుందా? రెండు ఆకులు వేసి మాడిపోయింది. మా అత్త అవతలింటి పాదులోంచి చిన్నదొకటీ, పెద్దదొకటీ, కాసిందొకటీ చూపించి ‘ఇవే తీసుకో మే, ఫోటోలో ఎవరికి తెలస్తాది’ అంది. ఒక్క సాయంత్రంలో నలభై రోజుల ఎదుగుదల. నిజానికి గింజ ఎందుకు మాడింది, నీడలో పెడితే ఏమయ్యుండేది అని అడిగితే మావాడికి ఒక పాఠమయ్యేది. మాడిన మొక్కకు మీలో గడి లేదు.

టీచరమ్మను నేనేమీ అనను. ఆమెకూ ఇంట్లో పిల్లలున్నారు, వాళ్ల సంచుల్లోనూ మీరే ఉన్నారు. నలభై మంది పుస్తకాలు, ఒక్కోటి వంద పేజీలు, నాలుగువేల టిక్కులు పెట్టే మనిషి మీద కోపమెలా వస్తుంది? కోరిక తీరాలని రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే మా రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె పట్టుకున్నాను ఒకసారి. హోంవర్క్ రొట్టె ఉందా అని అడిగితే, అక్కడున్న నలుగురు తల్లులు ‘ఉంటే మాకూ ఇప్పించక్కా’ అని చేతులు చాపారు.

మీకు తెలియకుండా మా పిల్ల నేర్చుకున్నది ఒకటి చెబుతాను. 2023 మే 28న పాలాయన రాకముందే బయల్దేరి సూళ్లూరుపేటలో మా ఆడపడుచు వాళ్లింటికి పోయాం. మర్నాడు షార్‌లో, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, రాకెట్ ఉందని. జీఎస్ఎల్వీ ఎఫ్12, ఉదయం 10.42కి. ఊరంతా డాబాల మీదే ఉంది. నిప్పు లేచింది, పొగ లేచింది, చప్పుడు మాత్రం లేదు. ‘ఏందత్తా, సౌండ్ రాదా?’ అంది మా అమ్మాయి. వాళ్లత్త ‘వస్తాది పాపా, నడిచి రావాల కదా, లెక్కబెట్టు’ అంది. అరవై ఏడు దాకా పెట్టింది. అప్పుడొచ్చింది, ముందు కాళ్ల కింద, తర్వాత చెవుల్లో. శబ్దం మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు పోతుందని ఎవరో చెప్పారు. అంతే, గోడ మీద బొగ్గుతో భాగహారం మొదలు. ఇరవై రెండు చిల్లర. ‘అంటే రాకెట్ ఇక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు!’ అని వాళ్లత్తకే పాఠం చెప్పింది. ఫోన్‌లో మ్యాప్ తీసి కొలుచుకుంది, కిలోమీటరు అటూ ఇటూగా సరిపోయింది. అప్పట్నుంచి ఉరుము ఉరిమితే వేళ్లు మడిచి కూర్చుంటుంది. ఆ రోజు మీలో కర్సివ్ పేజీ ఖాళీ. ఆ ఖాళీ పేజీని జూన్ 10 రాత్రి నా ఎడంచెయ్యే నింపింది.

ఏం చెయ్యాలో మీకు చెప్పే పెద్దదాన్ని కాను గానీ, మా ఇంట్లో పని చేసింది ఇంతే. అన్నం తినేటప్పుడు పది నిమిషాలు నోటి లెక్కలు, అదీ కూరగాయల చిల్లరతో. పొద్దు వాలాక గ్రంథాలయానికి. వేసవిలో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు పెడతారు, కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, ఉచితం. మా పిల్ల మొదట ఫ్యాన్ కింద కూర్చోవడానికి పోయింది, తర్వాత పుస్తకం సగంలో ఉందని పోయింది.

ఇప్పుడు అసలు సంగతి, ఈ ఉత్తరం రాయడానికి కారణం.

ఆ 2023 పుస్తకంలో, అంటే మీ పూర్వజన్మలో, ముప్పయ్యేడో పేజీ ‘ప్రకృతి దృశ్యం గీయుము’ అని ఖాళీగా ఉండేది. మే నెలాఖరుకి మా పాలాయన వచ్చి 1,155 రూపాయలు అడిగాడు. మా పిల్ల ‘ఉండు మామా’ అని, చేతికందిన పుస్తకం మీరే కాబట్టి, ఆ పేజీ తీసింది. రోజూ అరలీటరు, 35 రూపాయలు. ముప్పయ్యొక్క రోజుల్లో నాలుగు రోజులు ఆయన రాలేదు, క్యాలెండరులో ఇంటూలున్నాయి. రెండు రోజులు మేము సూళ్లూరుపేటలో. మిగిలింది ఇరవై ఐదు రోజులు, 875. చుట్టాలొచ్చినరోజు లీటరు ఎక్కువ పోయించుకున్నాం, 70. మొత్తం 945. ‘210 ఎక్కువ అడిగావు మామా’ అంది. ఆయన సైకిల్ మీద కూర్చునే ‘నాది నోటి లెక్కమ్మా, నీది పుస్తకం లెక్క, రెండూ కలవవు’ అన్నాడు. వచ్చే నెల చూద్దామని మొత్తం పుచ్చుకుని పోయాడు.

ఆ పుస్తకంలో మా పిల్ల సొంతంగా రాసిన పేజీ అదొక్కటే. నిద్రమత్తులో చింపడం మర్చిపోయి మిమ్మల్ని బడికి పంపేశాను. దిద్దాక ఒకసారి పిల్లల చేతికిచ్చి, ఎవరో వచ్చి చూస్తారని మళ్లీ తీసేసుకున్నారు. ఆ పూట మా పిల్ల ముప్పయ్యేడో పేజీ తీసి చూసింది. పాల లెక్క కింద ఎర్రసిరా టిక్కు, పక్కన ‘గుడ్’. ముప్పయ్యారో పేజీలో నా ఎడంచేతి కర్సివ్‌కి ‘వెరీ గుడ్’.

నా వెరీ గుడ్ మీరే ఉంచుకోండి. ఆ ముప్పయ్యేడో పేజీ ఒక్కటీ చింపి పంపించగలరు. పాలాయన ఇప్పటికీ ‘లెక్క పట్టుకురామ్మా, చూస్తాను’ అనే అంటున్నాడు.

ఇట్లు,
ఎడంచేతి వాటం లేకున్నా ఎడంచేత్తో రాయడం నేర్చిన తల్లి,
నెల్లూరు