గెలిచిన బిల్లుకు సంకెళ్లు

ఐర్లాండ్ ఎగువసభ షానడ్‌లో స్వతంత్ర సెనేటర్ ఫ్రాన్సెస్ బ్లాక్ 2018 జనవరిలో ప్రవేశపెట్టిన, ఇజ్రాయెల్ ఆక్రమణలోని పాలస్తీనా భూముల్లో వెలసిన ఆవాసాలతో వ్యాపారాన్ని నిషేధించే ఆక్రమిత ప్రాంతాల బిల్లు ఇంతవరకూ చట్టం కాలేదు. సభలో ఓడిపోయి ఉంటే అడిగేవారు ఉండేవారు కాదు. అది అడుగడుగునా గెలిచింది. 2018 జూలై 11న షానడ్‌లో 25–20 ఓట్లతో తొలి పరీక్ష దాటింది; డిసెంబరు 5న ఆ సభ సంపూర్ణ ఆమోదం పొందింది; 2019 జనవరి 24న దిగువసభ డాయిల్ 78–45 ఓట్లతో దాని మూలసూత్రాన్ని అంగీకరించింది. ఆ తరువాత అది ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. ఖజానాపై భారం పడే ఏ శాసనానికైనా ప్రధానమంత్రి సంతకంతో ప్రభుత్వ సిఫార్సు సందేశం రావాలని ఐర్లాండ్ రాజ్యాంగం 17వ అధికరణం చెబుతోంది. నాటి ప్రభుత్వం ఆ సందేశం పంపలేదు. బిల్లును ఓడించే బలం సభలో లేనివారు దాన్ని కదలకుండా చేయడానికి ఏమీ చేయకుండా కూర్చుంటే చాలని ఆ రోజు తేలిపోయింది.

బిల్లు సారాంశం సులువుగా అర్థమయ్యేదే. ఆక్రమిత ప్రాంతాల్లోని అక్రమ ఆవాసాల నుంచి వచ్చే వస్తువుల దిగుమతి, అక్కడి సేవల వ్యాపారం, అక్కడి సహజ వనరుల వెలికితీత నేరాలవుతాయి; ఉల్లంఘించినవారికి అయిదేళ్ల వరకూ జైలు, రెండున్నర లక్షల యూరోల వరకూ జరిమానా విధించవచ్చు. గాయనిగా దేశమంతటా పేరున్న బ్లాక్ 2016లో సభకు వచ్చారు. వెనుక పార్టీ యంత్రాంగం లేదు. ఆవాసాలు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని ఏటా ప్రకటనలు చేస్తూనే, అక్కడ పండినవాటిని దుకాణాల్లో అమ్మనివ్వడం ఏ నీతి అన్నదే ఆమె వాదనకు మూలం. ఆ ప్రశ్నకు నాటి నుంచి నేటి వరకూ ప్రభుత్వ పక్షం సూటిగా బదులివ్వలేదు; చర్చను సాంకేతిక అంశాల మీదికి మళ్లించింది.

వాణిజ్య విధానం పూర్తిగా ఐరోపా సమాఖ్య అధికార పరిధిలోనిదనీ, ఒక సభ్యదేశం ఒంటరిగా నిషేధం విధిస్తే న్యాయస్థానాల్లో నిలవదనీ, అమెరికా కంపెనీల పెట్టుబడులకు గండి పడవచ్చనీ నాటి విదేశాంగ మంత్రి సైమన్ కోవ్నీ మొదలు పలువురు చెబుతూ వచ్చారు. ఆ భయాలు పూర్తిగా నిరాధారమైనవని ఎవరూ అనరు. అయితే ప్రజా విధాన కారణాల మీద దిగుమతులను అడ్డుకునే వెసులుబాటు ఐరోపా నిబంధనల్లోనే ఉందని న్యాయకోవిదులు మొదటి నుంచీ చెబుతున్నారు. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. చట్టం నిలవదని ప్రభుత్వం నమ్మితే ఆ మాట సభలో చెప్పి, ఓటు అడిగి, గెలవాలి. లేదా చట్టమయ్యాక న్యాయస్థానం తేలుస్తుంది. మూడో దారి పట్టి, సందేశం పంపకుండా బిల్లును అటకెక్కించడం ఏ ప్రజాస్వామ్య లెక్కలోకి వస్తుంది?

పాలస్తీనా ప్రశ్నతో ఏకీభవించనివారిని సైతం కలవరపెట్టవలసిన విషయమిది. నేడు ఒక సెనేటర్ తెచ్చిన బిల్లుకు పట్టిన గతి రేపు అద్దెదారుల రక్షణ బిల్లుకో, వికలాంగుల హక్కుల బిల్లుకో పట్టదన్న హామీ ఎక్కడుంది? ఏదో ఒక మూల పైసా ఖర్చు ఉండని శాసనం ప్రపంచంలో లేదు. నిషేధాన్ని అమలు చేసే కస్టమ్స్ సిబ్బంది జీతం కూడా ఖజానా భారమే అనుకుంటే సభ్యులు తెచ్చే ప్రతి బిల్లు ప్రాణమూ మంత్రివర్గం గుప్పిట్లో ఉన్నట్టే. ఖజానాను కాపాడటానికి పెట్టిన నియమాన్ని సభ తీర్పును రద్దు చేసే ఆయుధంగా మార్చడాన్ని ఒకసారి అనుమతిస్తే అది ఆనవాయితీ అవుతుంది. ఆనవాయితీకి పార్టీ ఉండదు. తరువాత వచ్చినవారూ వాడుకుంటారు.

వాడుకున్నారు కూడా. 2019 జనవరిలో డాయిల్‌లో ఆ బిల్లును భుజాన వేసుకున్నది ఫియానా ఫాయిల్ సభ్యుడు నయల్ కాలిన్స్. అప్పుడా పార్టీ ప్రతిపక్షంలో ఉంది, నాయకుడు మీహాల్ మార్టిన్. షానడ్‌లోనూ డాయిల్‌లోనూ పార్టీ అనుకూలంగా ఓటు వేసింది. బిల్లును సమర్థించిన గ్రీన్స్‌ను, వ్యతిరేకించిన నాటి పాలక పక్షం ఫైన్ గేల్‌ను కలుపుకొని 2020లో అదే మార్టిన్ ప్రధాని అయ్యారు; కూటమి కార్యక్రమంలో బిల్లు ఊసే లేదు. ఏ సంతకం కోసం ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎదురుచూశారో ఆ సంతకం పెట్టే కలం చేతికి వచ్చాక, అది కదలలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నీతి, పదవి వచ్చాక న్యాయసలహా! ఈ విద్య మన పార్టీలకు మాత్రమే తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాం.

2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయంతో సాకులు కరిగిపోయాయి. ఆక్రమణ చట్టవిరుద్ధమనీ, ఆ పరిస్థితి కొనసాగడానికి తోడ్పడే వాణిజ్య, పెట్టుబడి సంబంధాలను నివారించే బాధ్యత దేశాలపై ఉందనీ అది స్పష్టం చేసింది. అసాధ్యమని ఆరేళ్లు చెప్పిన పని దాంతో సాధ్యమైంది. 2025 జూన్‌లో ప్రభుత్వం సొంత ముసాయిదా ప్రకటించింది. అందులో ఉన్నది వస్తువుల నిషేధం మాత్రమే. బ్లాక్ బిల్లులోని సేవలు మాయమయ్యాయి. ఆ ఆవాసాల నుంచి 2020–2024 మధ్య ఐర్లాండ్‌కు వచ్చిన సరుకు విలువ మొత్తం ఏడు లక్షల యూరోలకు లోపే. డబ్లిన్ మహానగరంలో ఒక మాదిరి ఇంటి ధర ఎంతో తెలిసినవారికి ఈ నిషేధం బరువెంతో వేరే చెప్పనక్కరలేదు. అసలు డబ్బున్నది పర్యాటకం, బస, ఆర్థిక, సాంకేతిక సేవల్లో. ఐరోపా కేంద్ర కార్యాలయాలను డబ్లిన్‌లో పెట్టుకున్న కంపెనీలున్నది కూడా ఆ రంగాల్లోనే. సేవలనూ చేర్చాలని 2025 జూలైలో పార్లమెంటరీ కమిటీ సిఫార్సు చేసింది. ఆగస్టులో చిన్న దేశం స్లొవేనియా ఆవాసాల వస్తువులపై నిషేధం ప్రకటించి, సమాఖ్యలో ఉంటూనే ఈ పని చేయవచ్చని చూపించింది. 2024 మేలో పాలస్తీనాను దేశంగా గుర్తించి, హేగ్‌లో ఇజ్రాయెల్‌పై దక్షిణాఫ్రికా వేసిన కేసులో జోక్యం చేసుకుని ప్రశంసలందుకున్న డబ్లిన్ మాత్రం, తన సభ ఏనాడో ఆమోదించిన వాక్యాలను తానే కొట్టివేయడానికి కారణాలు వెతుకుతోంది.

షానడ్‌కు ఈ అవమానం కొత్త కాదు. 60 మంది సభ్యుల్లో 11 మందిని ప్రధానే నామినేట్ చేస్తారు. సాధారణ బిల్లును ఆ సభ మహా అయితే 90 రోజులు ఆపగలదు. దాన్ని పూర్తిగా రద్దు చేద్దామని ఎండా కెన్నీ ప్రభుత్వం 2013 అక్టోబరులో జనాభిప్రాయం కోరితే, 51.7 శాతం మంది వద్దన్నారు. సభను ఉంచమన్న జనం అది ఏదో ఒక పని చేయాలనే ఉంచమన్నారు. గర్భనిరోధక సాధనాలపై నిషేధాన్ని సడలించే బిల్లును 1971లో మేరీ రాబిన్‌సన్ తెస్తే తోటి సెనేటర్లు దాన్ని ప్రచురించడానికి కూడా ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల తరువాత, 1979లో, ప్రభుత్వమే పరిమితంగా ఆ పని చేయవలసి వచ్చింది. అప్పుడు అడ్డుపడింది సభే, అదీ బహిరంగంగా, ఓటు వేసి. ఎవరు ఎటు ఉన్నారో చరిత్రకు తెలుసు. ఇప్పుడు సభ ఔనంది, అడ్డు కనిపించని చోట ఉంది. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోవడానికి వీల్లేదు. రాజ్యసభకు 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేసే పద్ధతి మన రాజ్యాంగకర్తలు ఐర్లాండ్ నుంచే తెచ్చుకున్నారు. సంచిత నిధి నుంచి ఖర్చయ్యే బిల్లును సభలు ఆమోదించాలంటే రాష్ట్రపతి సిఫార్సు ఉండాలని మన 117వ అధికరణమూ అంటోంది. 1970 తరువాత మన పార్లమెంటులో ఒక్క ప్రైవేటు సభ్యుడి బిల్లూ చట్టం కాలేదు. తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును 2015 ఏప్రిల్‌లో రాజ్యసభ ఆమోదిస్తే, లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. దాని స్థానంలో ప్రభుత్వం నీరుగార్చిన సొంత చట్టాన్ని 2019లో తెచ్చింది. డబ్లిన్‌లో జరుగుతున్నదీ అచ్చంగా ఇదే. మూడు రాజధానుల బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపినందుకు 2020 జనవరిలో శాసనమండలినే రద్దు చేయాలని తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్న ఆంధ్రప్రదేశ్‌కు, పెద్దల సభ మాట మీద పాలకులకు ఎంత గౌరవముంటుందో ఎవరూ నేర్పనక్కరలేదు.

ఐర్లాండ్ ప్రభుత్వం సేవలను తిరిగి చేర్చాలి. అది కుదరకపోతే బ్లాక్ బిల్లుకే సందేశం పంపి, సభ ముందు ఓటుకు పెట్టి, ఓడించే ధైర్యం ఉంటే ఓడించాలి. 2019 జనవరి 24న ఆ బిల్లుకు ఔనన్న ఫియానా ఫాయిల్ సభ్యుల్లో కొందరు నేడు మంత్రి పదవుల్లో ఉన్నారు. ఆనాటి ఓటు పొరపాటైతే ఆ మాట షానడ్‌కు వచ్చి బ్లాక్ ఎదుట చెప్పాలి. పొరపాటు కాకపోతే, ఇన్నేళ్లు ఆ బిల్లును ఎవరి కోసం ఆపారో చెప్పాలి.