ఒక్క ఓటుకు ఇద్దరు సర్పంచులు

పల్లెల్లో కొత్త నాయకత్వం రావడం లేదని మేధావులు తెగ బెంగపడుతుంటారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీకి వెళ్లి చూడండి. మనం ఓటేసింది ఒకరికి, తయారైంది ఇద్దరు. రెండో ఆయన పేరు 'సర్పంచ్ గారి భర్త'. హోదా మాత్రం మొదటిదే.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇచ్చింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని సగానికి పెంచింది. ఇంత చేసినవాళ్లు మొగుళ్లను మరిచిపోయారు, పాపం. ఆ లోటును ఊళ్లే పూడ్చుకున్నాయి.

ఆయన శిక్షణ ఎంత పకడ్బందీగా సాగుతుందో చూడాలి. గెలిచిన రోజే దండలు ఆయన మెడలో పడతాయి. ఫ్లెక్సీలో కూలింగ్ గ్లాసులతో నిలువెత్తు బొమ్మ ఆయనది. మూలన పాస్‌పోర్టు సైజులో ఉన్నావిడ సర్పంచ్. బిల్లులు పాస్ చేసే డిజిటల్ కీ ఆయన జేబులో, ఓటీపీ వచ్చే ఫోన్ ఆయన చేతిలో. మండల మీటింగుకు ఆయనే వెళ్తాడు. తీర్మానాల పుస్తకం మాత్రం సాయంత్రం ఇంటికొస్తుంది. పొయ్యి దగ్గర నుంచి లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆవిడ ఇంటూ మార్కు పెట్టిన చోట సంతకం చేస్తుంది. పైన ఏం రాసుందో చదివి టైం వేస్ట్ చేయదు. డ్రైనేజీ పొంగిందని ఎవరైనా గుమ్మంలోకొస్తే మంచినీళ్లిచ్చి, "ఆయన మండలానికెళ్లారండీ, రాగానే చెప్తాను" అంటుంది. ఇంత మర్యాదగల సర్పంచ్ ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంత చక్కటి ఏర్పాటు కేంద్రం కంట్లో పడింది. పంచాయతీరాజ్ శాఖ 2023లో కమిటీ వేసింది. పెత్తనం చేసే భర్తలకు గట్టి శిక్షలుండాలని ఆ కమిటీ నివేదిక కూడా ఇచ్చింది. ఆ నివేదిక ఊరిదాకా వస్తే, అందిందని సంతకం పెట్టి తీసుకునేదీ ఆయనే.

ఈ పద్ధతికి అసలు ద్రోహం చేసింది కర్నూలు జిల్లా కాల్వ సర్పంచ్ ఫాతిమాబీ లాంటివాళ్లు. ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి పొదుపు చేయించడం ఒక తప్పు. 1998లో న్యూయార్క్ దాకా వెళ్లి ఐక్యరాజ్యసమితి అవార్డు స్వయంగా అందుకోవడం ఇంకో తప్పు. అలాంటివి ఇంట్లో మగవాళ్లకు అప్పజెప్పాలని ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఎన్నికలొచ్చి రిజర్వేషన్ మారి సీటు జనరల్ అయిందనుకోండి, ఆయనే నామినేషన్ వేస్తాడు. కరపత్రంలో 'ఐదేళ్ల పాలనానుభవం' అని వేయించుకుంటాడు కూడా. అది అబద్ధమని ఊళ్లో ఎవరూ అనలేరు. మరి ఆవిడ అనుభవమంటారా? నామినేషన్ పత్రంలో అభ్యర్థిని ప్రతిపాదించేవాళ్ల సంతకం ఒకటి కావాలిగా.