ముప్ఫై అయిదుగురికి ఒక్కడు

ఇది 1920 తొలినాళ్ల మాట. ఆస్ట్రేలియా పెద్దల సభ అయిన సెనేట్ ఎన్నికల లెక్క తేలింది. 1919 డిసెంబరు 13న 19 స్థానాలకు ఓట్లు పడ్డాయి. ప్రధాని హ్యూస్ గారి నేషనలిస్టులకు 18, లేబర్ పార్టీకి ఒకటి. లేబర్‌ను జనం చీదరించుకున్నారు కాబోలు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నేషనలిస్టులకు నూటికి 46 ఓట్ల చిల్లర వచ్చాయి, లేబర్‌కు 43కు దగ్గరగా వచ్చాయి. మధ్యలో ఉన్న తేడా నూటికి మూడో నాలుగో. ఆ మూడు నాలుగు ఓట్లు 18 స్థానాలను ఒక గంపలోకి ఎత్తిపోశాయి.

వచ్చే జూలై 1న కొత్తవాళ్లు వచ్చి కూర్చునేసరికి 36 మంది సభలో 35 మంది ఒకవైపు ఉంటారు. రెండో వైపు ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ న్యూసౌత్ వేల్స్‌కు చెందిన ఆల్బర్ట్ గార్డినర్. ప్రతిపక్ష నాయకుడూ ఆయనే, ఉపనాయకుడూ ఆయనే, విప్పూ ఆయనే. ఆయన తీర్మానం పెడితే బలపరిచేది ఎవరు? ఓట్లు లెక్కించమంటే పక్కన నిలబడేది ఎవరు? జ్వరం వచ్చి ఆయన నాలుగు రోజులు మంచం పడితే, ఆ నాలుగు రోజులూ ఆ దేశపు పెద్దల సభలో ప్రతిపక్షం అనేదే ఉండదు.

యుద్ధం, నిర్బంధ సైనిక సేవ మీద రెండుసార్లు ప్రజల తీర్పు కోరి రెండుసార్లూ ఓడడం, లేబర్ చీలిపోవడం, లేబర్ నాయకుడిగా ఉన్న హ్యూస్ తన పాత శత్రువులతో కలిసి కొత్త పక్షం కట్టడం, ఇదంతా పాఠకులకు తెలిసిందే. ఆ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చడం ఇక్కడ మా పని కాదు. మాకు కోపం తెప్పించింది ఓట్ల లెక్క.

చట్టం అందరికీ ఒక్కటేనని, ఈ ఓటు పద్ధతి నడుస్తున్నప్పుడు లేబర్‌వాళ్లు కూడా అక్కడే ఉన్నారని నేషనలిస్టులు అంటున్నారు. నిజమే, ఆ మాటకు తర్వాత వస్తాం.

పద్ధతి ఏమిటో చూడండి. ఆరు రాష్ట్రాలకూ తలా ఆరుగురు సెనేటర్లు, పెద్దదైన న్యూసౌత్ వేల్స్‌కీ చిన్నదైన టాస్మేనియాకీ ఒకటే వాటా. అంతవరకు బాగుంది. కాని ఓటు వేసేటప్పుడు రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం. మామూలుగా మూడేళ్లకోసారి ముగ్గురిని ఎన్నుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, వంద గడపల ఊరుంది. పై వీధిలో 51 గడపలు, కింది వీధిలో 49. ముగ్గురు పెద్దమనుషులను ఎన్నుకోమన్నారు. మొదటి పెద్దమనిషికి పై వీధి 51 ఓట్లు వేసి గెలిపించింది. రెండో ఆయనకీ ఆ 51 ఓట్లే పనికొచ్చాయి. మూడో ఆయనకీ అవే. కింది వీధివాళ్లు ముగ్గురిలో ఒకరైనా తమవాడు ఉండాలంటే ఏం చెయ్యాలి? వీధి మారాలి, లేదా నోరు మూసుకోవాలి. నిరుడు సెనేట్‌కు తెచ్చిన వరస అంకెల పద్ధతి, అంటే అభ్యర్థుల పేర్ల పక్కన ఇష్టం వరసన 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతి వల్ల ఈ జబ్బు కుదరలేదు. ఒక పక్షం ఓట్లు చీలిపోకుండా అది అడ్డం పడుతుంది, అంతే. గంప మాత్రం గంపగానే ఉంది.

1917లో 18 స్థానాలకు ఎన్నికలు జరిగితే లేబర్‌కు ఓట్లు ఇంచుమించు ఇన్నే వచ్చాయి, స్థానాలు మాత్రం సున్నా. రెండు ఎన్నికలూ కలిపితే 37 స్థానాలు. అటూ ఇటుగా సగం దేశానికి ఆ 37లో దక్కింది ఒక్కటి.

ఇక ఆ వరస అంకెల కథ. 1918 అక్టోబరు చివర పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ అనే దిగువ సభ స్థానానికి ఉపఎన్నిక వచ్చింది. రైతు పక్షం ఒకరిని, నేషనలిస్టులు మరొకరిని నిలబెట్టడంతో ఓట్లు చీలి, మూడింట ఒక వంతుకు కాస్త పైగా ఓట్లతో లేబర్ కుర్రవాడు కోర్బాయ్ గెలిచాడు. ఆయనకు అప్పుడు 22 ఏళ్లు. అంతే, నేషనలిస్టులకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. మూడింట రెండు వంతుల మందికి ఇష్టం లేనివాడు సభలో కూర్చోవడమేమిటని గుండెలు బాదుకున్నారు. నెల తిరగకముందే దిగువ సభకు ఓటు వేసే పద్ధతి వరస అంకెలకు మారిపోతూ కొత్త చట్టం అయిపోయింది. సరే, న్యాయమైన మాటే కనుక తప్పు పట్టం. మరి ఆ గుండెలు ఇప్పుడేమయ్యాయి? ఒక ఊళ్లో ఒక స్థానం ఓట్ల లెక్కకు తగినట్టు రాలేదంటే అది ప్రజాస్వామ్యానికి తీరని అపచారం, దేశమంతటా నూటికి 43 మంది ఓట్లకు 19లో ఒకటే వస్తే అది ప్రజల తీర్పూనా? తమకు నష్టం కలిగినప్పుడు అన్యాయమై, లాభం కలిగినప్పుడు రాజ్యాంగ ధర్మమైపోయే న్యాయాన్ని ఏమనాలో మాకు తెలియడం లేదు.

ఆ 1918 బిల్లు మీద సెనేట్‌లో నిలబడి 12 గంటల 40 నిమిషాలు ఏకబిగిన మాట్లాడిన మనిషి కూడా ఈ గార్డినరే. సాయంత్రం దీపాలు పెట్టేవేళ మన హరికథ మొదలుపెట్టి తెల్లవారి కోడి కూసేదాకా చెప్పినట్టు. వడ్రంగం నేర్చిన మనిషి, గొంతు గట్టిదే అయ్యుంటుంది. దానికి సభవారి జవాబు ఏమిటంటే, నిరుడు ప్రసంగాలకు గంటల పరిమితి పెట్టడం. ముందు ఆ నోటికి కొలత పెట్టారు. ఇప్పుడు ఆ నోరు తప్ప అవతల ఇంకేమీ మిగల్లేదు.

లేబర్ మాటకు వస్తామన్నాం. 1910లో సగానికి ఒక పిసరు ఎక్కువ ఓట్లతో 18కి 18 స్థానాలూ ఊడ్చుకున్నది లేబరే. 1914లో మొత్తం సభను రద్దు చేసి ఎన్నికలు పెడితే 36లో 31 పట్టుకుపోయిందీ లేబరే. అప్పుడు రెండు సభలూ చేతిలో ఉన్నాయి. చట్టం మార్చడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. మార్చలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా విస్తరి నిండుతుందని కులాసాగా కూర్చున్నారు. ఇప్పుడు వడ్డించేవాడు మారాడు. వాళ్ల విస్తట్లో పడింది ఒక్క మెతుకు. వాళ్ల మీద మాకు జాలి లేదు. కాని పంక్తిలో వలపక్షం చూపిన పాపం పోయి పోయి పడేది ఓటరు మీద. 1910లో ఓడిన సగం మందికీ ఇప్పుడు ఓడిన నూటికి 43 మందికీ సెనేట్ చెప్పింది ఒకే మాట, మీరు లెక్కలోకి రారని.

మందు తెలియదా అంటే తెలుసు. దేశం ఏర్పడిన మరుసటి ఏడు, 1902లోనే మొదటి ప్రధాని బార్టన్ ప్రభుత్వం ఓట్ల నిష్పత్తిని బట్టి సెనేట్ స్థానాలు పంచే ఏర్పాటును బిల్లులో పెట్టింది. దాన్ని కొట్టేసింది ఎవరనుకున్నారు? సెనేటే. దక్షిణ ఆస్ట్రేలియాలో కేథరిన్ హెలెన్ స్పెన్స్ అనే విదుషీమణి ఈ ఒక్క విషయం చెప్పుకుంటూ ఊరూరూ తిరిగి, పదేళ్ల కిందట కన్నుమూసింది. టాస్మేనియాలో రాష్ట్ర శాసనసభకు 1909 నుంచి ఎన్నికలు ఈ నిష్పత్తి పద్ధతిలోనే జరుగుతున్నాయి. ఒక్కో జిల్లాకు ఆరుగురు, ఎవరికి ఎన్ని ఓట్లో వాళ్లకు అన్ని స్థానాలు. అంటే టాస్మేనియా ముఖ్యపట్టణం హోబార్ట్‌లో ఒకే ఓటరు ఒక ఎన్నికలో తన ఓటుకు తగిన వాటా పొందుతున్నాడు, సెనేట్ ఎన్నిక వచ్చేసరికి అదే ఓటు వేసి గోతిలో పడుతున్నాడు. లెక్కలు రాక జరుగుతున్నది కాదు ఇది, లెక్కలు బాగా వచ్చినవాళ్లు చేస్తున్నదే.

పనిలో పని, ఆ ఎన్నికల్లో అక్కడి భారతీయుడి ఓటు ఎటు పడిందని మాత్రం అడగకండి. పాత రాష్ట్ర జాబితాల్లో ముందే పేరున్న కొద్దిమంది తప్ప ఆసియా మనుషులకు 1902 చట్టం తలుపు మూసేసింది. ఆ నేల మీద పుట్టిన ఆదివాసులకూ అదే గతి. నిరుడు పారిస్ సంధి సభలో జాతుల సమానత్వం అన్న జపాన్ ప్రతిపాదనకు అడ్డుపడ్డ హ్యూస్ గారి నుంచి ఇంతకంటే ఆశించలేం. లెక్కలోకి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో తేల్చడంలో వారికి చెయ్యి తిరిగింది.

ఎక్కడో దక్షిణ సముద్రంలో జరిగిన దానికి ఇంత సిరా ఎందుకని అడగవచ్చు. అక్కడ ఎన్నికలైన పది రోజులకు, డిసెంబరు 23న, మన దేశపు పాలన గురించిన కొత్త చట్టం మీద చక్రవర్తి సంతకం పడింది. మనకూ ఒక పెద్దల సభ వస్తోంది, కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అని. 60 మందికి మించకూడదు, అధికారులు 20కి మించకూడదు. ఎన్నికయ్యేవాళ్లను ఎవరు, ఏ నియోజకవర్గం నుంచి, ఏ లెక్కన ఎన్నుకుంటారన్నది నియమాలకు వదిలారు. ఆ నియమాలు ఇంకా రాయాలి. రాసే దొరల బల్ల మీద వలస రాజ్యాల చట్టాలు వరసగా పేర్చి ఉంటాయి. ఒకచోట చెల్లింది రెండోచోట నమూనా అవుతుంది. మా భయం ఈ నమూనా గురించే.

మదరాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తాన్ని ఒకే నియోజకవర్గం చేసి, ఉన్న స్థానాలన్నిటికీ గంపగుత్తగా ఓట్లు వేయమంటే ఏమవుతుంది? గంజాం నుంచి తిరునల్వేలి దాకా ఒకే పెట్టె. ఎటువైపు పది ఓట్లు ఎక్కువుంటే అటువైపే అన్ని స్థానాలూ. తెలుగు జిల్లాలవాళ్లు ఆరేళ్లుగా బాపట్ల మొదలు సభల మీద సభలు పెట్టి ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్నారు, అది సరే. ఈలోగా ఉన్న రాజధానిలో ఉన్న పెద్దల సభకు ఒక్క తెలుగువాడైనా వెళతాడా అన్నది ఆ పెట్టెలోని లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఇవాళ మనవాళ్లు తక్కువ పడవచ్చు, రేపు మనమే ఎక్కువై అరవవాళ్లను ఊడ్చేయవచ్చు. రెండూ ఒకే తప్పు. మహమ్మదీయులకు, ఇతరులకు విడిగా స్థానాలు కావాలన్న వాదం ఇంత బలంగా ఎందుకు వినిపిస్తోందో కూడా ఈ 35కు 1 లెక్క చూస్తే సగం అర్థమవుతుంది. గంప ఎత్తుకుపోతారన్న భయం ఉన్నవాడు తన గుప్పెడు గింజలు ముందే పక్కన పెట్టుకుంటాడు.

నిష్పత్తి పద్ధతి మన ఓటర్లకు అర్థం కాదని ఒక వాదం ఉంది. నిరుడు జనవరిలో ఐర్లాండులో స్లైగో అనే చిన్న పట్టణం తన పురపాలక సభను ఈ పద్ధతిలోనే ఎన్నుకుంది. స్లైగో కూలీకి, చిన్న దుకాణదారుడికి అర్థమైనది, ఆస్తిపన్ను రసీదు చూపించి ఓటు తెచ్చుకోబోయే మన గుంటూరు, రాజమండ్రి పెద్దమనుషులకు అర్థం కాదా?

మదరాసులో మన నాయకులు మాత్రం చాలా బిజీగా ఉన్నారు. ఎవరు ఏ సభలో కూర్చోవాలి, ఎవరికి మంత్రి పదవి, ఎవరి పేరు పక్కన ఆనరబుల్ అని పడుతుంది అన్న మంతనాలతో వసారాలు కిటకిటలాడుతున్నాయి. అయ్యా, కుర్చీలు సరే. ఆ కుర్చీలు పంచే లెక్క ఎవరు రాస్తున్నారో, ఏమని రాస్తున్నారో మీలో ఒక్కరైనా వెళ్లి అడిగారా?